నల్లమల నీలం

కడప, కర్నూలు జిల్లాలకు నీలం కొత్త రంగు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమందు పండించిన ముఖ్యమైన నేలల్లో ఇవీ ఉన్నాయి. నీలిచెట్టు కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లు చిలికి, అడుగున దిగిన మడ్డిని గుడ్డలో వడకట్టి, బిళ్లలు కోసి ఎండబెట్టేవాళ్లు. ఆ పని చేసిన కూలీలకు నీలమంటే కంపు, చేతికి పట్టి వదలని మరక. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయనాలతో చేసిన నీలిమందును బజారులోకి దింపింది. తర్వాతి ఏళ్లలో మన తొట్లు ఎండిపోతూ వచ్చాయి. ఆ దింపుడు జరిగిన రెండేళ్లకే, 1899లో, ఈ జిల్లాలు చేరిన దత్తమండలాల నుంచి వెళ్లిన మరో నీలం గురించి లండన్‌లో ఒక శాస్త్రవేత్త రాశాడు. ఈ నీలం ఎనిమిది కాళ్ల మీద ఉంది. దాన్ని నూరినా, నానబెట్టినా చుక్క రంగు దిగదు. అందులో నీలపు రంగుపదార్థమే లేదు.

ఆ శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. బ్రిటిష్ మ్యూజియంలో సాలీళ్లు, తేళ్లు, జెర్రులు ఆయన వంతుకు వచ్చాయి. తర్వాతి కాలంలో లండన్ జూకి పెద్ద అధికారి అయ్యాడు. ఆయన చేతికి వచ్చిన సాలీడు గుత్తిలో, రైల్వే కలప డిపోలో దొరికింది. లోహంలో కనపడే మెరుపు దాని ఒంటి మీద చూసి పొసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఊరి పేరుకు ఇంద్రనీలాన్ని జోడించి గుత్తి సఫైర్ అన్నారు. ఇంకొందరు పీకాక్ టరాంటులా అన్నారు. గుత్తి అనగానే మనకు కోట, కలెక్టరు మన్రో, రైళ్లు గుర్తుకొస్తాయి. ఈ సాలీడుతో ఆ ఊరికి ఉన్న చుట్టరికం మాత్రం ఒక కలపదుంగ మేరకే.

ఎందుకంటే గుత్తి చుట్టుపక్కల అది మళ్లీ కనపడలేదు. గుత్తిలోనే కాదు, ఎక్కడా కనపడలేదు. 102 ఏళ్లు గడిచాక, 2001లో, గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల అవతల, నల్లమలలో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో బతికున్నది దొరికింది. పోకాక్‌కు అందిన సాలీడు ఏ మాను తొర్రలోనో దాక్కుని, కొట్టిన దుంగతో పాటు రైలెక్కి గుత్తికి చేరి ఉంటుందని పండితుల ఊహ. ఊహే కావచ్చు గాని నాకది చాలా నచ్చింది. నల్లమల నుంచి బయటికొచ్చిన దుంగలు వంతెనలకో, ఇళ్లకో, పొయ్యిలకో పోయి ఉంటాయి. వాటిలో ఒక్కదాని లోపల మాత్రం కొలిమి ఎరగని ఇంద్రనీలం కూర్చుని ప్రయాణం చేసింది.

ఆ దారి రైల్లో వెళ్లినవాళ్లకు తెలుసు. నంద్యాల దాటి నల్లరేగడి చేలు వెనకబడ్డాక గాజులపల్లె దగ్గర కొండ ఎదురవుతుంది. మహానందికి దిగే స్టేషను అదే. అక్కడి నుంచి చలమ, బొగద, దిగువమెట్ట, ఆ తర్వాత గిద్దలూరు. దొరబావి లోయ మీద 1880లలో కట్టిన ఎత్తైన వంతెనను పాత మీటరుగేజి ప్రయాణికులు ఇప్పటికీ తలుచుకుంటారు. (గిద్దలూరు కూడా ఒకప్పుడు కర్నూలు జిల్లాదే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది.) ఈ అడవి కోనసీమ పచ్చదనం ఆశించి వచ్చినవాణ్ని నిరాశపరుస్తుంది. నల్లమద్ది, యేగి, చిరుమాను, టేకు, మధ్యమధ్య వెదురు. మార్చి వచ్చేసరికి ఆకు రాలిపోతుంది. కొమ్మలు, బండలు, ఎండుగడ్డి మిగులుతాయి. కంటికి ఆనేవన్నీ బూడిదకూ ఎరుపుమన్నుకూ మధ్య ఉండే రంగులే. వర్ణాల విషయంలో ఇంత పిసినారి అయిన అడవి, తన దగ్గరున్న నీలమంతా మూటగట్టి ఒక తొర్రలో దాచింది.

ఈ సాలీడును చూడటం ఎక్కడ మొదలుపెట్టాలన్నది చిన్న సంగతి కాదు. పేరు విన్నవాళ్లు నేరుగా కాళ్ల మీది నీలానికి పోతారు. నేనైతే ముందు వీపు చూడమంటాను. తలా రొమ్మూ కలిసిపోయిన ముందుభాగం మీద ముదురు బూడిద, పాలతెలుపు చారలు నడిమి గుంట నుంచి అంచులకు విచ్చుకుంటాయి. సన్నని నడుము దాటితే ఉదరం. నడివీపు వెంట తెల్లని పట్టీ దిగుతుంది. దాని అంచు తిన్నగా ఉండదు: కొసలు తేలుతుంది, ఒక్కో కొసా మళ్లీ చిన్న కొసలుగా చీలుతుంది, అవి పక్కలకు వాలిన నల్లని గీతల్లోకి జారుకుంటాయి. పెద్ద వంపులో ఏ తీరు ఉందో దానిలోని చిన్న వంపులోనూ అదే తీరు. గణితం తెలిసినవాళ్లు దీన్ని ఫ్రాక్టల్ అంటారు. ఎడమకూ కుడికీ కొలత తప్పదు, అయినా స్కేలు పెట్టి గీసిన జాడ ఎక్కడా దొరకదు. ఇక్కడ నీలం చాలా తక్కువ. ఉన్నదంతా తెలుపూ నలుపూ మధ్య నడిచే సంభాషణ. ముందు దీని దగ్గర నిలబడితేనే తర్వాత వచ్చే నీలానికి కన్ను సిద్ధపడుతుంది.

అప్పుడు కాళ్లు. చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఒక్కో కాలికి ఏడు ఖండాలు. నీలం అన్నిటి మీదా ఒకే మందాన పరుచుకోదు. తొడ మీద చిక్కగా మొదలై, దిగుతున్నకొద్దీ తెల్లని మచ్చల మధ్య నుంచి దారి తీసుకుంటూ, కొసకు వచ్చేసరికి మళ్లీ నలుపులోకి చేరుతుంది. కీళ్ల దగ్గర పసుపు. ఈ పసుపును ఎవరూ మెచ్చుకోరెందుకో! అది లేకపోతే నీలం ఇంతగా పలకదు. నీలానికి పొరుగున పసుపు పెట్టాలంటే చెయ్యి తిరిగి ఉండాలి, పిసరంత మించినా జాతర రంగుల పాలవుతుంది. ఇక్కడ సరిగ్గా కాలు మడత పడేచోట, కదలిక పుట్టేచోట మాత్రమే ఉంది. సాలీడు కదిలితే నీలం సాగుతుంది, పసుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కదలికకు తాళం వేసేది పసుపే.

ఆ పసుపు అసలు బలం దాచుకున్నది కిందివైపు. సాలీడును చీకాకు పెడితే మొదట పారిపోతుంది. పారిపోయే దారి లేకపోతే ముందరి కాళ్లు పైకెత్తి నిలబడుతుంది. అప్పుడు మొదటి రెండు జతల కాళ్ల అడుగున నలుపు మీద వెలిగే పసుపు పట్టీలు ఎదుటివాడి కంట పడతాయి. పైనుంచి చూసినంతసేపూ నీలంగా ఉన్న జీవి ఒక్క క్షణంలో పసుపు జీవి అవుతుంది. మామూలు చూపుకు ఒక రంగు, బెదిరింపుకు ఇంకో రంగు! వేషం మార్చుకోవడానికి తెర చాటుకు వెళ్లక్కరలేని నటి ఇది.

నటి అన్నాను, ఊరికే కాదు. నెమలిలో సొగసంతా మగదానికి పోయింది. ఇక్కడ లెక్క తిరగబడింది. పుట్టినప్పుడు పిల్లలన్నీ వెలవెలబోతూ ఉంటాయి, ఏ పిల్ల ఆడదో ఏది మగదో రంగును బట్టి చెప్పలేం. కుబుసం విడిచిన ప్రతిసారీ నీలం చిక్కబడుతుంది. ఎదిగిన మగది సన్నగా, పొడుగు కాళ్లతో, కాస్త వెలిసినట్టు ఉంటుంది. మూడు నాలుగేళ్లలో దాని కథ ముగుస్తుంది. ఆడది పదకొండు పన్నెండేళ్లు బతుకుతుంది, అన్నేళ్లూ నీలాన్ని మోస్తుంది. ఈ రంగును నిండుగా చూడాలంటే వయసు మళ్లిన ఆడదాన్నే చూడాలి. ప్రౌఢ సౌందర్యాన్ని మెచ్చడం మన ప్రబంధాలకు అంతగా అలవాటు లేదు. ఈ సాలీడు దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక ఆ నీలం ఎక్కడిదన్న ప్రశ్న. గుత్తికి దిగువన అదే అనంతపురం సీమలో ధర్మవరం మగ్గాలకు పేరు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన పట్టుచీర కట్టుకున్న మనిషి ఒక అడుగు వేస్తే రంగు ఒకసారి మారుతుంది. నెమలికంఠం అని పిలిచే చీరల సొగసంతా ఆ జారుడులోనే ఉంది. నిజం నెమలి మెడ కూడా అంతే. చూసేవాడు పక్కకు జరిగితే నీలం ఆకుపచ్చకు జరుగుతుంది. ఆ మెడలో కూడా నీలపు రంగుపదార్థం లేదు. ఈకల్లోని సూక్ష్మ నిర్మాణం కాంతిని విరిచి పంపడం వల్ల పుట్టే రంగు అది. అలాంటి రంగుకు చాంచల్యం సహజం. కోణం మారితే వర్ణం మారుతుంది.

నల్లమల సాలీడు నీలం కూడా నిర్మాణం వల్ల పుట్టిందే, కాని చంచలం కాదు. దీన్ని పీకాక్ అని పిలిచినవాళ్లు ఇక్కడే పొరపడ్డారని నా అభిప్రాయం. దాని కాలి వెంట్రుక లోపల పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి అమరి ఉంటాయి. ఒక్కో పొర మందం మీటరులో కోటో వంతు లెక్కన ఉంటుంది. వాటి మీద పడ్డ వెలుగు తిరిగి వచ్చేటప్పుడు 450 నానోమీటర్ల దగ్గరి నీలి అలలు ఒకదానికొకటి జత కలిసి బలపడతాయి. ఇంతవరకూ నెమలి కథకు దగ్గరగానే ఉంది. తేడా వెంట్రుక ఆకారంలో వస్తుంది. దాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రంగా కనపడదు. చుట్టూ రేకులు విచ్చుకున్న పువ్వు కనపడుతుంది. ఏ వైపు నుంచి వెలుగు పడ్డా, ఏ వైపు నుంచి చూసినా ఏదో ఒక రేకు అదే నీలాన్ని ఇటు తిప్పి పంపుతుంది. అమెరికాలో ఆక్రన్ విశ్వవిద్యాలయానికి చెందిన బోర్-కై షియుంగ్, ఆయన తోటివారు ఈ కిటుకు తేల్చి, అదే ఆకారాన్ని అతి సూక్ష్మమైన త్రీడీ ముద్రణతో తయారుచేసి పరీక్షించారు. కోణం మారినా రంగు మారలేదు. వెలిసిపోని, విషం లేని రంగులకూ, పక్క నుంచి చూసినా పాలిపోని టీవీ తెరలకూ ఇది పనికొస్తుందని వాళ్ల ఆశ.

పనికిరావడం సంగతి వాళ్లకు వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది ఆ స్థైర్యం. ధర్మవరం పట్టు అందం కదలికను కోరుతుంది, కట్టుకున్న మనిషి నడవాలి, తిరగాలి, దీపం కింద నిలబడాలి. సాలీడు గంటల తరబడి కదలకుండా కూర్చునే జీవి. దాని నీలానికి చూసేవాడు జరగాల్సిన పని లేదు, తను జరగాల్సిన పనీ లేదు. అది కుబుసం విడిచి వెళ్లిపోయాక కూడా ఆ ఖాళీ తొడుగు కాళ్ల మీద నీలం అలాగే ఉంటుంది. నెత్తురు ఆగితే ఆరిపోయే రంగు కాదు. నిర్మాణం ఉన్నంతకాలం ఉంటుంది. నీలిమందు తొట్టికి ఈ గుణం లేదు; బట్ట మీది నీలి ఒక్కో ఉతుకుకు ఒక్కో మెట్టు దిగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సాలీడును చూస్తే ఎక్కువమందికి ఒళ్లు జలదరిస్తుంది. ఇది అరచేతి వెడల్పున, వెంట్రుకలతో, ఎనిమిది కళ్లతో ఎదురైతే ఇంకా జలదరిస్తుంది. కోరలతో కరిస్తే వాపు, తీవ్రమైన నొప్పి, కండరాలు కొన్నాళ్లు పట్టేయడం ఉంటాయి. దీని కాటుకు మనిషి చనిపోయిన దాఖలా మాత్రం లేదు. ఏమైనా ఇది ముట్టుకుని మురిసే అందం కాదు. మన అలంకారశాస్త్రం దీన్ని ఏ రసంలో కలుపుతుంది?

భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పాడు. శృంగారం శ్యామం, హాస్యం తెలుపు, రౌద్రం ఎరుపు, భయానకం నలుపు. బీభత్సానికి ఆయన ఇచ్చిన రంగు నీలం. అద్భుతానికి ఇచ్చిన రంగు పసుపు. ఈ రెండు వాక్యాలూ చదివి నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. పైన నీలం, అడుగున పసుపు. చూడగానే జుగుప్స, చూస్తూ ఉండగా విస్మయం. భరతుడు నల్లమల వైపు వచ్చాడని ఎవరూ చెప్పలేదు గాని, ఆయన వర్ణపట్టిక ఈ జీవి ఒంటి మీద పొల్లుపోకుండా సరిపోయింది. నలుపు కూడా ఉంది కదా, భయానకం వాటా దానికి!

ఇంతటితో ఊరుకుంటే ఇది చమత్కారం అవుతుంది, విమర్శ కాదు. ఒక రసం నుంచి ఇంకో రసం ఎలా పుడుతుందో కూడా భరతుడు చెప్పాడు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం. అంటే ఆయన లెక్కలో జుగుప్స ముదిరితే భయం అవుతుంది; విస్మయం పుట్టాలంటే వీరుడు కావాలి. ఇక్కడ నేను భరతుడితో విభేదిస్తాను. ఈ సాలీడు ముందు జుగుప్స ముదరదు. నీలం దాన్ని మధ్యలో ఆపేస్తుంది. వెనక్కి జరిగిన మనిషి, వెనక్కి జరిగిన చోటే నిలబడిపోయి, తల ముందుకు వంచి చూస్తాడు. ఆ వంగడంలో భయం లేదు, వీరం అసలే లేదు. బీభత్సం నుంచి నేరుగా అద్భుతానికి దారి ఉందని, ఆ దారిలో వీరుడి అవసరం లేదని ఈ జీవి చెబుతోంది. లక్షణకారుడికి ఎదురు చెప్పడానికి లక్ష్యమే కావాలి, ఇదిగో లక్ష్యం.

మనవాళ్లకు ఈ మార్గం తెలియదనీ అనలేం. శ్రీకాళహస్తి స్థలపురాణంలో పాము, ఏనుగుల కంటే ముందు ముక్తి పొందింది సాలీడే. తన దారంతో శివుడికి గుడీ గోపురాలూ అల్లింది. శివుడు పరీక్ష పెట్టి దీపంతో వాటిని కాలిస్తే, ఆ మంటనే మింగబోయింది. ధూర్జటి ఆ క్షేత్రం మీద ఏకంగా ఒక ప్రబంధమే రాశాడు. మన ఊహలో సాలీడు శిల్పి, ఇల్లు కట్టే జీవి. దాని పనికి దండం పెట్టాం. దాని ఒంటిని చూసి నిలబడిపోయిన సందర్భం మన సాహిత్యంలో అరుదు. నల్లమల సాలీడు అల్లిక చెప్పుకోదగ్గది కాదు. గాలిలో చక్రం పరిచే జాతి కాదిది. చెట్టు తొర్ర మూతి దగ్గర, ఒకవైపుకు ఒరిగిన గరాటు ఆకారంలో దట్టమైన పట్టుగూడు అల్లుకుని లోపలికి పోతుంది. ఇది గుడి కట్టదు. గుడిలోపలి విగ్రహం అనదగ్గది ఇదే.

ఆ విగ్రహాన్ని చూసేదెవరు? పగలు తొర్రలో ఉంటుంది. రాత్రి పురుగుల వేటకు బయటికొస్తుంది. వెలుగు పడితే చటుక్కున మాయమవుతుంది. పొసిలోథీరియా ప్రజాతి వేగం సాలీళ్ల మీద పనిచేసేవాళ్లలో ప్రసిద్ధం. చీకట్లో బతికే జీవికి ఇంత రంగెందుకు? 2015లో షియుంగ్ బృందం ఈ సాలీడు వర్గమైన టరాంటులాలను పోల్చి చూసి, నీలం వాటిలో కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పుట్టిందని, లోపలి నిర్మాణాలు రకరకాలుగా ఉన్నా అన్నీ ఇంచుమించు 450 నానోమీటర్ల నీలం దగ్గరికే వచ్చి ఆగాయని తేల్చింది. టరాంటులాలకు చూపు అంతంతమాత్రం కాబట్టి జత కోసం పెట్టుకున్న సింగారం కాకపోవచ్చునంది. 2020లో ఫోలీ, శరణాథన్, పీల్ అనే ముగ్గురు ఇంకో సంగతి బయటపెట్టారు: రంగులు గుర్తించడానికి అవసరమైన ప్రొటీన్లు టరాంటులాలలో ఉన్నాయి, నీలం వాటి పూర్వీకుల నుంచే వస్తున్న లక్షణం కావచ్చు, సంధ్యవేళ ఒకదానికొకటి ఆ నీలాన్ని చూసుకునే అవకాశమూ ఉంది. అయిదేళ్లలో తీర్పు ఇంత తిరిగింది. రసికుడిగా నేను రెండో పక్షం గెలవాలని కోరుకుంటాను. కాని మొదటి పక్షమే నిజమైనా నష్టం లేదు. చూసే కన్ను కోసం కాకుండా పుట్టిన అందం మన కంట పడటం కూడా ఒక రకం భాగ్యమే.

ఆ భాగ్యానికి హద్దులు చాలా చిన్నవి. 2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐ.యు.సి.ఎన్., దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా ప్రకటించింది. అప్పటికి తెలిసిన చోటు ఒక్కటే, విస్తీర్ణం వంద చదరపు కిలోమీటర్ల లోపు, అదీ కలప కోసం, వంటచెరకు కోసం నరుకుడు పడ్డ అడవి. పొసిలోథీరియా ప్రజాతి మొత్తం భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. దీని చుట్టాలలో కొన్ని నిజంగానే దీవి జీవులు. 2004లో రామేశ్వరం దీవి మీది ఒక జాతికి అక్కడి హనుమవిలాసం గుడి పేరు పెట్టారు. అదీ తీవ్ర ప్రమాదంలో ఉన్నదే. 2018లో అమెరికా ప్రభుత్వం శ్రీలంక జాతులు అయిదింటిని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. వాటి చుట్టూ సముద్రం ఉంది, హద్దు ఎక్కడో అర్థమవుతుంది. నల్లమల నీలానిది వింత పరిస్థితి: చుట్టూ అడవే ఉన్నా అడవిలో ఒక ముక్క దానికి దీవి అయింది.

ఈ అందమే దానికి శత్రువు కూడా. 2001 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇది యూరపు, అమెరికా పెంపుడు జీవుల బజారుకు చేరింది. మొదట్లో ఒక్కోటి కొన్ని వందల డాలర్లు పలికింది. ఆ తర్వాత గాజుపెట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని చేయడం నేర్చుకున్నారు, ధర దిగింది. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందమైన సైటీస్ సభ ఈ ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. శ్రీలంక, అమెరికా పెట్టిన ప్రతిపాదన అది. ఆ తర్వాత అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించడం నేరం.

ధర దిగిన సంగతి దగ్గర నేను కాస్త ఆగుతాను. అరుదు కాబట్టే అందం అనే వాదం ఒకటుంది. రత్నాల వ్యాపారులకు అది వేదం. ఈ సాలీడు ఆ వాదాన్ని దెబ్బతీసింది. అడవిలో అరుదుగా ఉంటూనే విదేశీ గదుల్లో సామాన్యమైపోయింది. ఇంతా జరిగినా నీలం ఇసుమంత తగ్గలేదు. చౌక అయిన ఇంద్రనీలం కూడా ఇంద్రనీలమే.

అయితే గాజుపెట్టెలో ఉన్నది పూర్తిగా అదేనా? ఇక్కడ మళ్లీ మన శాస్త్రం అక్కరకొస్తుంది. రసం పుట్టడానికి ఆలంబనం ఒక్కటి చాలదు, ఉద్దీపనం కావాలి. నాయిక ఉంటే సరిపోదు. వెన్నెల, తోట, పిల్లగాలి ఉండాలి. పెట్టెలో దూది, బెరడు ముక్క, బల్బు వెలుగు మధ్య కూర్చున్న సాలీడు ఆలంబనమే. ఫొటోల్లో మనం చూసి ఉలిక్కిపడేదీ చాలా వరకూ అదే. దాని ఉద్దీపనం బొగదకూ దిగువమెట్టకూ అటూ ఇటూ ఉంది: ఆకు రాలిన చిరుమాను, బూడిదరంగు బెరడు, మొదటి వాన పడ్డ రాత్రి బయటికొచ్చే ఉసుళ్లు, మనిషి ఎత్తుకు చాలా పైన చీకటి తొర్ర. పిసినారి అడవి వల్లనే ఆ నీలం అంత ఖర్చుగా కనపడుతుంది. పచ్చటి అడవిలో అయితే అది ఇంకో రంగు మాత్రమే అయ్యేది.

తొర్ర మొక్కకు ఉండదు, ముసలి మానుకే ఉంటుంది. కొమ్మ విరిగిన చోట వాన దిగి, చెద పట్టి, చేవ కుళ్లి, లోపల బోలు అవడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక ఆడసాలీడు పన్నెండేళ్ల బతుకుకు ఇల్లు కావాలంటే, దానికి తాతల నాడే ఆ చెట్టుకు గాయం తగిలి ఉండాలి. అటువంటి వంకర, బోలు మానుకు కలప డిపోలో ధర రాదు. గుత్తికి రైలెక్కిన ఆ దుంగ ఎలాంటిదో గాని, ఇప్పుడు తొర్రపడిన మానును కొనేవాడు లేడు. కాని పొయ్యి కిందికి పుల్లలు కావాలన్నప్పుడు, పచ్చిది కాదు కదా, పుచ్చుదే కదా అని గొడ్డలి ముందు దాని మీదే పడుతుంది.